పట్టపగలు గుడ్లగూబలు

ఆ శనివారం పొద్దున వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి భార్యకు డ్రైవింగు పరీక్ష, పదింటికి భర్తకు దళ సమావేశం. ఇంట్లో ఉన్నది ఒక్కటే కారు. ముందు ఆవిడ నడుపుతుంది, పరీక్ష అయిపోగానే తాళంచెవి ఆయన చేతిలో పెడుతుంది, ఆయన దర్జాగా వెళ్ళిపోతాడు. భర్త కాఫీ తాగుతూ వివరిస్తుంటే ఎంత సులువుగా ఉందో! కాఫీ తాగేటప్పుడు ఏ పథకమైనా సులువుగానే ఉంటుంది.

భార్య నగర గ్రంథాలయంలో లైబ్రేరియన్. పుస్తకాలు వేసుకుని పేటపేటకీ తిరిగే వ్యాను ఒకటి ఈమధ్యే గ్రంథాలయానికి వచ్చింది. లోపల చుట్టూ అరలు, ఒక మడత బల్ల, పక్కకు జరిగే కిటికీ. దాన్ని చూసిన రోజు నుంచి ఆవిడకు కంటి మీద కునుకు లేదు. సోమవారంలోగా లైసెన్సు తెచ్చుకుంటే వ్యాను ఆవిడది. లేకపోతే పత్రికల విభాగంలో ఆయనది. ఆయనకు లైసెన్సు ఉంది, పుస్తకాలంటేనే గిట్టదు. ఆవిడ ఇప్పటికి మూడుసార్లు పరీక్ష తప్పింది. మూడుసార్లూ ఒకటే తప్పు, నడిరోడ్డు మీద బండి ఆగిపోవడం. క్లచ్చి మీద నుంచి కాలు ఎప్పుడు తీయాలో ఆవిడకు బాగా తెలుసు. ఆ సంగతి కాలికే తెలియదు.

భర్తది కళ్ళద్దాల కొట్టు. పగలంతా వచ్చినవాళ్ళ చేత గోడమీది అక్షరాలు చదివిస్తాడు. సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికొచ్చాక మాత్రం ఆయన దళాధిపతి. ఎప్పుడో యుద్ధకాలంలో రాత్రిపూటే ఎగిరే విమానదళం ఒకటి ఉండేదట, దాని గుర్తు గుడ్లగూబట. ఈయనా, ఎక్కడెక్కడో ఉన్న మరో అయిదుగురూ దాని చరిత్ర తవ్వి తీసి, కంప్యూటర్లో విమానాలు నడిపే ఆటలో అచ్చం అలాంటి దళాన్నే పెట్టుకున్నారు. ఇంట్లో సామాన్ల గది ఆయన విమానం. ఆట అంటే మాత్రం ఆయనకు ఎక్కడలేని కోపం వస్తుంది.

పాత దళం రోజుల్లో రేడియోలు సరిగా పలికేవి కావు. అందుకని నాయకుడు నోటితో కాక రెక్కలతో, చేతులతో మాట్లాడేవాడు. రెక్కలు అటూ ఇటూ ఊపితే, నా వెంట రండి. చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తే, ఇంకా దగ్గరికి జరగండి. అన్నిటికన్నా పెద్ద నియమం, నాయకుడు ఇంజను ఆపేదాకా తోక వదలకూడదు, ఎక్కడికని అడగకూడదు. ఇవన్నీ ఆవిడ పనిగట్టుకుని నేర్చుకున్నవి కావు. గోడకు అవతల ఆయన అరుస్తుంటే, ఇవతల కూరగాయలు తరుగుతూ విన్నది. వద్దన్నా వంటబట్టాయి.

"ఇవాళే అందరం మొదటిసారి కలుస్తున్నాం," అన్నాడు భర్త కప్పు కింద పెడుతూ. "ఇన్నాళ్ళూ గొంతులే తప్ప మొహాలు తెలీవు. లైసెన్సు ఆఫీసు దగ్గర పెట్రోలు బంకుంది చూడు, అక్కడికి రమ్మన్నాను. అక్కణ్ణుంచి నా కారు వెంటే పాత విమానాల షెడ్డుకి."

"మొహాలు తెలీకపోతే మిమ్మల్నెలా గుర్తుపడతారండీ?"

"నన్నెందుకు గుర్తుపట్టడం? కారుని గుర్తుపడితే చాలు."

అది నిజమే. కారు డిక్కీ మీద ఆయన స్వహస్తాలతో ఒక గుడ్లగూబను చిత్రించాడు. ఆవిడ కంటికి అది కళ్ళద్దాలు పెట్టుకున్న వంకాయలా కనిపిస్తుంది. అదే బొమ్మను స్టిక్కర్లుగా వేయించి దళంలో అందరికీ పంపాడు కూడా.

"ఒకవేళ నా పరీక్ష ఆలస్యమైతే వాళ్ళకి ఫోన్ చేసి చెప్పెయ్యండి."

"ఎవరెత్తుతారు? తొమ్మిదిన్నర నుంచీ ఫోన్లన్నీ ఆపెయ్యాలని ఆర్డరేశాను. బయల్దేరే ముందు నుంచీ పూర్తి మౌనం. పాత దళంలో అంతే."

"ఎవరు పెట్టారండీ అలాంటి రూలు?"

"నేనే," అన్నాడు భర్త గర్వంగా.

లైసెన్సు ఆఫీసులో ఆవిడకన్నా ముందు ఒక పెద్దమనిషి పరీక్షకు వెళ్ళాడు. మైదానంలో నిలబెట్టిన ప్లాస్టిక్ శంకువుల మధ్య నుంచి వంకర్లు తిప్పమంటే, ఆయన వాటి మీద నుంచే పోనిచ్చాడు. వాటిలో ఒకటి కారు కింద ఎక్కడో ఇరుక్కుంది. దాన్ని బయటికి లాగడానికి సగం ఆఫీసు బోర్లా పడుకోవలసి వచ్చింది. పడుకున్నవాళ్ళు లేచి బట్టలు దులుపుకునేసరికి పది కావస్తోంది. అంతసేపూ భర్త వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

"ఇంక లాభం లేదు," అన్నాడు చివరికి. "అడ్డదారిన నడిచిపోయి వాళ్ళతో ఆగమని చెప్పొస్తాను. నువ్వు కంగారు పడకు. కంగారు పడితేనే నీకు బండి ఆగిపోతుంది."

ఆ మాట అనకుండా ఉంటే ఆవిడ కంగారు పడేది కాదు.

పరీక్ష పెట్టే అధికారిని నేర్చుకునేవాళ్ళంతా ఎర్రకలం అంటారు. ఆయన జేబులో ఉండేది ఒక్క ఎర్రసిరా పెన్నే. పాసైనవాళ్ళ పేరు దేనితో రాస్తాడో చూసినవాళ్ళు తక్కువ. ఆయన పక్క సీట్లో కూలబడి, బెల్టు సంగతి మర్చిపోయి, అట్ట ఒళ్ళో పెట్టుకుని ఆవులించాడు.

"నాలుగోసారి కదమ్మా మీరు?"

"అవునండీ."

"పోనివ్వండి. తొందరేం లేదు. ఆగేదాకా వెళ్దాం."

ఆవిడ పళ్ళు బిగించి కాలు మెల్లగా వదిలింది. కారు బుద్ధిగా కదిలింది. మొదటి మలుపు తిరిగింది, రెండోదీ తిరిగింది. బంకు ముందుకు వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా పెద్ద గుంట కనబడింది. ఆవిడ కారును ఒకసారి అటు తిప్పి, వెంటనే ఇటు తిప్పి దాన్ని తప్పించింది.

"గుంట తప్పించారు. మంచిదే," అన్నాడు ఎర్రకలం కళ్ళు మూసుకుని.

పద్ధతి ప్రకారం ఆవిడ అద్దంలోకి చూసింది. బంకులోంచి ఒక పసుపుపచ్చ కారు బయటికొస్తోంది. దాని వెనుక రొట్టెలు పంచే వ్యాను, దాని వెనుక రెండు మోటారు సైకిళ్ళు, ఆ వెనుక చెడిపోయిన కార్లను కొక్కేనికి తగిలించి లాక్కెళ్ళే పెద్ద లారీ. అన్నిటికీ పట్టపగలు దీపాలు వెలుగుతున్నాయి. అన్నీ ఒకదాని తోకను ఒకటి పట్టుకుని ఆవిడ వెనకే వస్తున్నాయి. పసుపు కారు అద్దం మీద, కళ్ళద్దాలు పెట్టుకున్న వంకాయ.

ఆవిడ గుండె జారి క్లచ్చి మీద పడింది. గుంట తప్పించడం కాదు, తను చేసింది రెక్కలూపడం! దళాన్ని నా వెంట రమ్మని పిలిచింది. కారు నడిపేది ఆడమనిషి కదా అని వాళ్ళకు అనుమానమైనా రాదా అనుకుంది ఆవిడ. రాలేదు. పక్క సీట్లో ఒక పెద్దాయన ఒళ్ళో కాగితాలు పెట్టుకుని గంభీరంగా కూర్చున్నాడు. దళాధిపతి మ్యాపు చూస్తూ దారి చెబుతున్నాడు, నడపడానికి ఎవరినో పెట్టుకున్నాడు అని వాళ్ళు సరిపెట్టుకున్నారు. ఆ పెద్దాయన నిద్రపోతున్నాడని వెనక నుంచి తెలియదు.

ఆవిడకు ఇప్పుడు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. వీళ్ళను వదిలించుకునే ఉపాయం ఒక్కటే, ఇంజను ఆపడం. ఇంజను ఆగితే లైసెన్సు పోతుంది, వ్యాను పోతుంది. మూడుసార్లు వద్దంటే ఆగిన బండి, ఇవాళ ఆపాలనిపిస్తుంటే వెన్నలా సాగిపోతోంది.

"చేతి సంజ్ఞలు చూపించండమ్మా," అన్నాడు ఎర్రకలం. "వేగం తగ్గిస్తున్నట్టు."

ఆవిడ దేవుడా అనుకుంటూ చెయ్యి కిటికీలోంచి బయటికి చాపి, అరచెయ్యి కిందికి పెట్టి పైకీ కిందికీ ఆడించింది. అంతే. వెనుక అయిదు ఇంజన్లు ఒక్కసారి గుర్రుమన్నాయి. పసుపు కారు బెత్తెడు దూరానికి వచ్చేసింది. రొట్టెల వ్యాను దానికి అతుక్కుంది. ఇంకా దగ్గరికి జరగమని దళాధిపతి కారే ఆజ్ఞాపించింది మరి!

ఆ గోలకు ఎర్రకలం కళ్ళు తెరిచి అద్దంలోకి చూశాడు. ఒకసారి చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"ఎవరమ్మా వీళ్ళంతా?"

అబద్ధం ఆడటం ఆవిడకు చేతకాదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు. "మా... మన వెనకాల వస్తున్నారండీ," అంది.

"అది నాకూ కనబడుతోంది," అన్నాడు ఆయన. తరువాత మొహంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది. పైఆఫీసు వాళ్ళు వేషాలు మార్చుకుని, పరీక్షలు ఎలా జరుగుతున్నాయో రహస్యంగా చూడబోతున్నారని ఆఫీసులో నెల నాళ్ళుగా గుసగుసలు. ఒకే గుర్తు అతికించుకున్న బళ్ళు, ఒక రొట్టెల వ్యాను, ఒక లాగుడు లారీ! ఎంత పకడ్బందీగా వేశారు వేషం! ఎర్రకలం గబగబా బెల్టు వెతికి పెట్టుకున్నాడు. నిటారుగా కూర్చున్నాడు. చొక్కా పైబొత్తాం కూడా పెట్టుకున్నాడు.

"దయచేసి ముందు కూడలి దగ్గర నేరుగా పోనివ్వండి మేడమ్ గారూ," అన్నాడు.

కూడలి దగ్గర ఎర్రదీపం వెలుగుతోంది. ఆవిడ నెమ్మదిగా ఆపబోయింది. ఇంతలో అక్కడున్న ట్రాఫిక్ పోలీసు దీపాలు వెలిగించుకుని వరసగా వస్తున్న బళ్ళను చూశాడు. ఎవరో పెద్దవాళ్ళ అంతిమయాత్ర అనుకున్నాడు. మిగతా దారులన్నీ ఆపేసి, టోపీ తీసి గుండెకు ఆనించుకుని, పొమ్మని చెయ్యి ఊపాడు.

ఎర్రదీపం ఆగమంటోంది, పోలీసు పొమ్మంటున్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, పోలీసు మాట విని ముందుకు పోనిచ్చింది.

"భేష్! దీపంకన్నా మనిషి మాటే ఎక్కువ. ఇక్కడ నూటికి తొంభైమంది తప్పుతారు," అన్నాడు ఎర్రకలం, వెనుకవాళ్ళకు వినపడాలన్నట్టు గొంతు పెంచి.

కూడలి దాటేసరికి వరస చివర ఒక నల్లకారు కూడా చేరింది. దాన్ని నడిపే ఆయన ఎవరివో అంత్యక్రియలకు పూలగుత్తి తీసుకుని బయల్దేరి, దారి తెలియక తిరుగుతున్నాడు. ఈ వరస చూసి, హమ్మయ్య దొరికారనుకుని వెనక చేరాడు.

ఇక మిగిలింది సందులో బండిని వెనక్కి మళ్ళించడం. ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు, మూడు అంగల్లో తిప్పాలి. సందు ఇరుకు, అటూ ఇటూ మేడలు. ఆవిడ తిప్పింది. చక్కగా తిరిగింది కూడా. తిరిగి వస్తూ చూస్తే, ఎదురుగా పసుపు కారు ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు. దాని తరువాత రొట్టెల వ్యాను ముందుకు, వెనక్కి, ఒక పూలకుండీ పగిలి, మళ్ళీ ముందుకు. మోటారు సైకిళ్ళు ఉన్నచోట గిర్రున తిరగగలిగి ఉండి కూడా, మడమలతో నేలను తన్నుకుంటూ మూడు అంగల్లోనే తిరిగాయి. మేడల మీద కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

"ఏమయిందే?" అని ఒక బాల్కనీ అడిగింది.

"ఏమోనే, లారీ కూడా తిరుగుతుందిట, ఉండు చూద్దాం," అంది ఎదురు బాల్కనీ.

లారీ మూడు అంగల్లో తిరగలేదు. పదకొండు పట్టాయి. అంతసేపూ ఆవిడ సందు చివర, కాలు క్లచ్చి మీద, చెయ్యి గేరు మీద, ఊపిరి గొంతులో పెట్టుకుని ఆగి ఉండవలసి వచ్చింది. అప్పుడు ఒక విచిత్రం జరిగింది. లారీ ఎటు తగులుతుందో అని చూస్తూ ఆవిడ తన కాలి సంగతి మర్చిపోయింది. దారి దొరకగానే కారు చిన్న కుదుపైనా లేకుండా కదిలిపోయింది. ఇన్నాళ్ళూ కాలికి పని చెప్పి చెప్పి దాన్ని కంగారు పెట్టింది తనేనని ఆవిడకు తెలిసివచ్చింది. నవ్వు ఆపుకోలేకపోయింది. ఎర్రకలం కూడా ఎందుకైనా మంచిదని నవ్వాడు.

లైసెన్సు ఆఫీసు ముందు కారు నిలబెట్టి ఆవిడ ఇంజను ఆపింది. వెనుక ఆరు ఇంజన్లు ఒక్కసారి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఎర్రకలం చటుక్కున దిగి, పసుపు కారు తలుపు స్వయంగా తెరిచి వంగి నమస్కారం పెట్టాడు.

"తమరు ఇంత దూరం శ్రమపడి వచ్చారు. ఏ లోటూ లేకుండా పరీక్ష జరిపించాను. బెల్టు మొదటి నుంచీ పెట్టుకునే ఉన్నాను!"

పసుపు కారులోంచి మెడలో ఈలతో ఒక దృఢమైన నడివయసు స్త్రీ దిగింది. ఆమె ఈత నేర్పే టీచరు, దళంలో పేరు పిడుగు. ఆమె మడమలు కలిపి ఫట్‌మని సెల్యూట్ కొట్టింది.

"గుడ్లగూబ రెండు, హాజరు! లీడర్, మీరు గొంతుకన్నా పొట్టిగా ఉన్నారు!"

"గుడ్లగూబ మూడు, హాజరు!" అన్నాడు రొట్టెలాయన, ఒంటినిండా పూలకుండీ మట్టితో. నాలుగు, అయిదు, ఆరు కూడా హాజరు పలికాయి. నల్లకారు ఆయన పూలగుత్తి పట్టుకుని ఒక పక్కన వినయంగా నిలబడ్డాడు.

ఆవిడ మధ్యలో దూరి దళం సంగతంతా చెప్పినా, ఎర్రకలానికి విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పైఆఫీసు కాదు. వేషాలూ కావు. కంప్యూటరు ముందు కూర్చుని విమానాలు నడిపేవాళ్ళు! వీళ్ళకోసమా తను పైబొత్తాం పెట్టుకున్నది? ఆయన మొహం తన సిరా రంగుకు తిరిగింది. జేబులోంచి పెన్ను తీశాడు.

"పరీక్షకి ఊరేగింపు తీసుకొస్తారా? నన్ను బెదిరిద్దామనా? ఫెయిల్! ఇంకో ఆరు నెలలు ఈ ఛాయలకి రాకండి!"

ఆవిడ కళ్ళముందు పత్రికల విభాగం ఆయన వ్యాను తలుపు తీస్తున్నట్టు కనిపించింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి గొంతు తగ్గించి మాట్లాడటమే ఆవిడ వృత్తి. ఇన్నేళ్ళు దాచిన గొంతంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"బండి ఒక్కసారైనా ఆగిందా? మీరే చెప్పండి! గుంటలో పడిందా? పోలీసు దగ్గర తప్పానా? సందులో గోడకి తగిలిందా? వెనకాల లారీ పెట్టుకుని నడిపానండీ నేను! మీ ఆఫీసులో ఎవరైనా నడిపారా అలా? ఆ వ్యాను నాకు కావాలి. నేను బాగా నడిపాను. బాగా నడిపానని మీకూ తెలుసు!"

ఆఫీసు వరండాలో అందరూ ఇటు తిరిగారు. ఎర్రకలం పెన్ను గాలిలో ఆగింది. పిడుగు ఒక అడుగు ముందుకేసింది.

"సార్, నిజం చెబుతున్నాను. ఈవిడ ఎటు తిరగబోతున్నారో, ఎక్కడ ఆగబోతున్నారో ప్రతిసారీ మాకు ముందే తెలిసింది. మా లీడరైతే తిరిగాక చెప్తాడు. ఆయన వెనకాల వెళ్ళి కొండని గుద్దుకున్న సందర్భాలు బోలెడు."

"రెండు కొండలు, ఒక వంతెన," అన్నాడు రొట్టెలాయన సాక్ష్యంగా.

ఎర్రకలం పెన్ను దించి ఆలోచనలో పడ్డాడు. మీ సంజ్ఞ వెనుకవాడికి అర్థమవుతుందా అని ఆయన నేర్చుకునేవాళ్ళందరినీ అడుగుతూ వస్తున్నాడు. వెనుకవాళ్ళు వచ్చి స్వయంగా అర్థమైందని చెప్పడం మాత్రం ఇదే మొదలు. ఆయన ఎంత కోపిష్టి అయినా, పని విషయంలో నీతి తప్పే మనిషి కాదు. అట్ట మీద కాగితం సర్దుకుని, గట్టిగా నొక్కి సంతకం పెట్టాడు.

"పాస్," అన్నాడు. ఆ మాట పలకడం అలవాటు లేక గొంతు కొద్దిగా వణికింది.

ఆవిడ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, ఏమనాలో తెలియక పిడుగును కావలించుకుంది. రొట్టెలాయన చప్పట్లు కొట్టాడు. ఏమిటో అర్థం కాకపోయినా నల్లకారు ఆయన కూడా కొట్టాడు.

"ఆగండాగండి," అన్నాడు ఎర్రకలం. "ఇప్పుడు తమ సంగతి చూద్దాం. ఒక బండికీ ఇంకో బండికీ మధ్య ఎంత దూరం వదిలారు?"

పిడుగు గర్వంగా చేతులు చాపి బెత్తెడు చూపించింది. "మా దళంలో ఇంతకన్నా ఎక్కువ వదిలితే సిగ్గుచేటు సార్."

"లైసెన్సులు తీయండి. అందరూ."

సరిగ్గా అప్పుడే భర్త ఊడిపడ్డాడు. బంకుకు వెళితే, గాలి కొట్టే మనిషి "అందరూ ఎవరో ఆవిడ వెనకాల వెళ్ళిపోయారు సార్" అన్నాడట. అతని సైకిలే అడిగి పుచ్చుకుని ఊరంతా తొక్కి తొక్కి, నాలుక బయటపెట్టుకుని వచ్చాడు. వచ్చేసరికి తన దళం వరసగా తలలు వంచుకుని లైసెన్సులు అప్పగిస్తోంది. ఆయన రక్తం ఉడికిపోయింది. సైకిలు పడేసి, రొమ్ము విరుచుకుని మధ్యలో నిలబడ్డాడు.

"వీళ్ళ జోలికొస్తే ఊరుకోను! వీళ్ళ లీడర్ని నేను! ఏదున్నా నాతో మాట్లాడండి!"

"ఏమండీ, వద్దండీ," అంది ఆవిడ.

"నువ్వుండు! వీళ్ళ తప్పేం లేదు సార్. దీపాలు వెయ్యమన్నదీ నేనే, తోక వదలొద్దన్నదీ నేనే. ఒక్కొక్కళ్ళూ అక్షరాలా నా ఆర్డరు ప్రకారమే నడిపారు!"

"అక్షరాలా?" అన్నాడు ఎర్రకలం ప్రేమగా.

"అక్షరాలా!"

"అయితే మీది కూడా ఇలా ఇవ్వండి. నెలరోజుల తర్వాత వచ్చి తీసుకోండి."

నల్లకారు ఆయన ఇక ఆగలేక గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఇంతకీ పోయిందెవరండీ?"

"ఆరు లైసెన్సులు," అన్నాడు ఎర్రకలం. "మీరు వెళ్ళండి. మీరొక్కరే దూరం పాటించారు."

వాళ్ళిద్దరూ వెళ్ళాక, గుడ్లగూబ దళం ఎండలో ఉసూరుమని నిలబడింది. విమానాల షెడ్డు మధ్యాహ్నం దాకానే తెరిచి ఉంటుంది. ఆరు బళ్ళున్నాయి, నడపడానికి అర్హత ఉన్న మనిషి మాత్రం లైబ్రేరియన్ ఒక్కతే. ఆవిడ కారు తాళంచెవి తీసి, తన దళాన్ని ఒకసారి లెక్క చూసుకుంది.

"ఒకసారికి నలుగురే పడతారు. పిడుగుగారూ, మీరు ముందు సీట్లో కూర్చోండి. మట్టి దులుపుకుని మీరు వెనకాల ఎక్కండి."

భర్త అలవాటుకొద్దీ డ్రైవరు తలుపు దాకా వెళ్ళి, గుర్తొచ్చి, ఇటు తిరిగి వచ్చాడు. "మరి నేనో?" అన్నాడు.

"మీరు రెండో ట్రిప్పుకండీ," అంది ఆవిడ.

తరువాత అద్దం చూసుకుని, సిగ్నలు వేసి, దళంతో సహా వెళ్ళిపోయింది.